బిళ్ళలు మానేశానన్న సాక్ష్యం

రెబెకా టీచరు ఆ మాట చెప్పాలని ఇంటి దగ్గర అనుకుని బయల్దేరలేదు.

మట్టల ఆదివారం ఇంకా రెండు రోజులుందనగా, శుక్రవారం మధ్యాహ్నం, పడమటిపాలెం గుడిలో స్త్రీల కూడిక జరుగుతోంది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాల్లో ప్రతి శుక్రవారం ఇద్దరు ముగ్గురు లేచి, దేవుడు తమకు చేసిన మేలేమిటో సాక్ష్యం చెప్పడం అక్కడి అలవాటు. ఆ రోజు రెబెకా వంతు.

ఆమెకు యాభై రెండేళ్ళు. రాజోలుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరి బడిలోనే ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతోంది. ఆమె తాత పరాయి తోటల్లో కొబ్బరి దింపులు తీసి బతికినవాడు. తండ్రి మిషను బడిలో చదువుకుని పంతులయ్యాడు. ఇప్పుడు ఊళ్ళో సగం మంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళే. టీచరుగారు చెప్పారంటే ఆ మాట మీద ఇంకో మాట ఉండేది కాదు.

ఆమె చెప్పాలనుకున్నది చిన్న సంగతి. అంతకు ముందు కార్తీక మాసంలో ఆమెకు బీపీ నూట తొంభై దాటింది. వాళ్ళమ్మ ఇదే జబ్బుతో, యాభై నాలుగో ఏట, అన్నం వారుస్తూ వారుస్తూ పడిపోయి మరి లేవలేదు. రెబెకాకు ఆ భయం పట్టుకుంది. శ్రమల దినాలు మొదలవగానే ఒంటిపూట భోజనంతో తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంది. ఆ రోజుల్లోనే అమలాపురంలో ఒక డాక్టరు ఆమె గోడు ఓపిగ్గా విని, పాత బిళ్ళ మార్చి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాశాడు. ఊరగాయ, ఉప్పుచేప మానేసింది. ఐదు వారాలకు బీపీ నూట ముప్పైకి దిగింది. భయం కూడా దిగింది. అంతే.

అయితే ఆమెకు ముందు సత్యనారాయణమ్మ లేచింది. కువైట్‌లో ఉన్న కొడుకు దగ్గర్నుంచి ఎనిమిది నెలలుగా కబురు లేదనీ, మొన్న బుధవారం ఉపవాసంలో ఉండగానే ఫోను మోగిందనీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది. గుడిలో ఆడవాళ్ళందరూ ఏడ్చారు. ఆ తడి ఆరకముందే రెబెకా లేచి నిలబడింది.

సగం చెప్పేసరికి, తన సాక్ష్యం పేలవంగా ఉందని ఆమెకే తెలిసిపోయింది. ముందు చాపలో కూర్చున్నావిడ పాటల పుస్తకంతో విసురుకుంటోంది. ఒకామె పిల్ల జడ సవరిస్తోంది. డాక్టరు బిళ్ళ మార్చాడన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి రెబెకా నోరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత వచ్చిన మాట వేరు.

"ఆ బిళ్ళలన్నీ పట్టుకెళ్ళి పంటకాలువలో పారేసేనండి. నాకు నా దేవుడు చాలన్నాను. ఈ రోజుకి నా బీపీ నూట ముప్పై."

గుడి ఒక్కసారి దద్దరిల్లింది. విసనకర్రలు ఆగిపోయాయి. స్తోత్రాలు చెప్పిన గొంతుల్లో, వెనక చాప మీంచి వీరదుర్గ గొంతు కూడా రెబెకాకు వినిపించింది.

వీరదుర్గ ఆ ఊళ్ళో టైలరు. మొగుడు అంజిబాబు మస్కట్‌లో లారీ తోలుతాడు. కూతురు కావ్య రాజోలులో డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయీ చిన్నప్పుడు రెబెకా బడిలోనే చదివింది. ఏడాది క్రితం జాకెట్టు కొలతలిస్తూ మాటల్లో పడినప్పుడు, తనకు బీపీ అనీ, బిళ్ళ వేసుకుంటే కాళ్ళు వాస్తున్నాయనీ, రాత్రిళ్ళు నిద్ర లేదనీ వీరదుర్గ చెప్పుకుంది. రెబెకా ఆ కుట్టుమిషను పక్కనే ఆమె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. అప్పట్నుంచి వీరదుర్గ శుక్రవారాలు గుడికి రావడం మొదలుపెట్టింది. నుదుటి మీద బొట్టుతోనే వచ్చి వెనక చాప మీద కూర్చునేది. ఎవరైనా అదోలా చూస్తే రెబెకా వెళ్ళి ఆమె పక్కన కూర్చునేది. ఇన్నేళ్ళ విశ్వాసంలో తన మాట వల్ల దేవుడి దగ్గరికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి రెబెకా ఎవరితోనూ అనకపోయినా, లోపల గర్వపడేది.

ఆ రోజు సాక్ష్యాన్ని ఎవరో ఫోనులో తీశారు. రెండున్నర నిమిషాల వీడియో. సాయంత్రానికి సంఘం గ్రూపులోకి, తెల్లారేసరికి పక్క ఊళ్ళ గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. పాస్టరు మత్తయిగారు ఆదివారం మళ్ళీ చెప్పమన్నారు. ఈస్టరుకు చెప్పమన్నారు. కొత్తపేటలో మహాసభలకు తీసుకెళ్ళారు. మొత్తం ఐదుసార్లు చెప్పింది. చెప్పేకొద్దీ అది పదునెక్కింది. ఐదోసారికి ఆ బిళ్ళల అట్టలు నీళ్ళ మీద తేలుతూ వెళ్ళడం కూడా అందులోకి వచ్చి చేరింది.

ప్రతిసారీ ఇంటికి వచ్చి, వంటింట్లో సగ్గుబియ్యం డబ్బా వెనక దాచిన అట్టలోంచి సాయంత్రం బిళ్ళ తీసి వేసుకునేది.

ఆమె భర్త జ్ఞానప్రకాశంగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కువ మాట్లాడరు. కొత్తపేట నుంచి వచ్చిన రోజున కాళ్ళు కడుక్కుంటూ అడిగారు.

"రెబెకా, ఆ కాలవెక్కడుంది?"

"దేవుడి మహిమకే గదండీ చెప్పేను. నలుగురూ బలపడుతున్నారు."

"సర్లే," అన్నారాయన. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది.

జూలై రెండో వారం. ముసురు పట్టి మూడు రోజులైంది. పొద్దున తొమ్మిదింటికి కావ్య తడుచుకుంటూ బడికి పరుగెత్తుకొచ్చింది. "టీచరుగారూ, అమ్మ మిషను మీద వాలిపోయిందండి. మూతి ఒక పక్కకి పోయింది."

ఆటోలో రాజోలు ఆస్పత్రికీ, అక్కణ్ణుంచి అంబులెన్సులో అమలాపురానికీ వీరదుర్గ తలని ఒళ్ళో పెట్టుకుని రెబెకాయే తీసుకెళ్ళింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. డాక్టరు కావ్యను అడిగాడు.

"బీపీ బిళ్ళలు వాడుతున్నారా?"

"రోజూ వేసుకుంటుందండి."

"వాడుతున్నట్టు లేదమ్మా. ఇంట్లో చూడు."

ఆ మాట పక్కనే ఉన్న రెబెకా విన్నది. అప్పటికింకా ఆమెకేమీ తెలియదు. అయినా తెలిసిపోయింది.

మర్నాడు కావ్య ఇంటికి వెళ్ళి వచ్చింది. చీర ఫాల్స్ పెట్టుకునే అట్టపెట్టె అడుగున, మూడు నెలల బిళ్ళలు, ఒక్కటి తప్ప, అట్టల్లో అలాగే దొరికాయి. వాటిని ఆస్పత్రి మంచం మీద పోసి, "ఎందుకమ్మా?" అని ఏడ్చింది. వీరదుర్గకు మాట రాలేదు. కళ్ళు రెబెకా వైపు తిరిగాయి. రెబెకా కిటికీ వైపు చూసింది.

ఐదో రోజుకు మాట వచ్చింది. ముద్దముద్దగా ఉన్నా అర్థమవుతోంది. కావ్య కాఫీకి వెళ్ళినప్పుడు వీరదుర్గ ఎడం చేత్తో రెబెకా చీర కొంగు పట్టుకుంది.

"టీచరుగారూ, నాకు మీ అంత విశ్వాసం లేదండి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా."

"కాదండి. ఈస్టరప్పట్నించి బిళ్ళలు మానేసేను. మీలాగే. పోయిన నెలలో తల తిప్పేసి భయమేసింది. దొంగచాటుగా ఒక బిళ్ళ వేసేసుకున్నాను. ఒక్కటేనండి. ఆయనకి కోపమొచ్చింది కామోసు."

వీరదుర్గ కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి కుడి చెయ్యి లేవడం లేదు. రెబెకా తన కొంగుతో తుడిచింది. "అలా అనుకోకూడదమ్మా," అంది. తర్వాత ప్రార్థన చేసింది. మాటలు తడుముకోకుండా వచ్చాయి. పక్క మంచం ఆవిడ కూడా చేతులు జోడించి ఆమెన్ అంది. ఇంత అబద్ధం గొంతులో పెట్టుకుని ఇంత బాగా ప్రార్థన ఎలా చెయ్యగలుగుతున్నానా అని రెబెకాకు తన మీద తనకే వెగటు పుట్టింది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆస్పత్రికి పళ్ళు పట్టుకెళ్ళింది. కావ్యకు క్యారేజీ పంపింది. మంచినీళ్ళ బిందె మోసింది. ఊళ్ళో అందరూ టీచరుగారిది ఎంత మంచి మనసో అనుకున్నారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆమె ఇంకో బిందె ఎత్తుకునేది. ఆదివారం సండే స్కూల్లో పిల్లలు ఆజ్ఞలు వరసగా అప్పజెబుతున్నారు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న తొమ్మిదో ఆజ్ఞ దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి, బయట నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఇప్పుడు నిజంగా మానేస్తే? ఆలస్యంగానైనా, చెప్పిన మాట నిజమవుతుంది కదా. నాలుగు రోజులు బిళ్ళలు వేసుకోలేదు. నాలుగో రోజు బడి నుంచి వచ్చి, తలపోటుతో గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. జ్ఞానప్రకాశంగారు చూసి, వంటింట్లోకి వెళ్ళి, సగ్గుబియ్యం డబ్బా జరిపి, అట్టలో మిగిలినవి లెక్క చూసుకున్నారు. గ్లాసుతో నీళ్ళూ, బిళ్ళా తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"నువ్వు పడిపోతే వీరదుర్గ లేస్తుందా?"

"నా వల్లే గదండీ."

"నీ వల్లే. బిళ్ళ వేసుకో. వేసుకుని, చెయ్యాల్సింది చెయ్యి."

మర్నాడు సాయంత్రం ఆమె పాస్టరుగారింటికి వెళ్ళింది. మత్తయిగారు అరుగు మీద కూర్చుని, తెగిన మైకు వైరుకు టేపు చుడుతున్నారు. రెబెకా నిలబడే చెప్పింది. ఏదీ దాచలేదు. చివర, "ఆదివారం గుడిలో నిలబడి అందరి ముందూ ఒప్పేసుకుంటానండి అయ్యగారూ," అంది.

ఆయన వైరు చుడుతూనే అడిగారు.

"వీరదుర్గకి చెప్పేరా అమ్మగారూ?"

"లేదండి."

"మరి ముందు గుడికెందుకండీ?"

గుడిలో అయితే ఏడుస్తారు, క్షమిస్తారు, పాట పాడతారు. అది తేలిక. ఆ తేలిక కోసమే తను ముందు గుడి అనుకుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

మత్తయిగారు వైరు పక్కన పెట్టారు. "నేనూ ఒకటి చెప్పాలండి. ఈస్టరు దాటేక మా ఆవిడ అంది, టీచరుగారి హ్యాండుబ్యాగులో బిళ్ళల అట్ట చూసేనని. నేను విననట్టు ఊరుకున్నాను. మీ సాక్ష్యం విని గుడికి నాలుగు కొత్త కుటుంబాలు వచ్చేయి. అడిగితే ఏమవుద్దోనని అడగలేదు. మిమ్మల్ని కొత్తపేట తీసుకెళ్ళింది నేనే గదండీ." ఆయన గొంతు తగ్గింది. "ఆదివారం మీరు చెప్పేక నేను కూడా చెప్తాను. ముందు మీరు అక్కడికి వెళ్ళి రండి."

వీరదుర్గను అప్పటికి ఇంటికి తెచ్చేశారు. అంజిబాబుకు మస్కట్‌లో సెలవు దొరకలేదు; డబ్బు పంపుతున్నాడు. ముందు గదిలో మంచం. పక్కనే పాత చీర కప్పిన మిషను. దాని మీద సగం సగం కుట్టిన జాకెట్లు, పేర్లు రాసిన చీటీలు గుచ్చి, అలాగే ఉన్నాయి. కావ్య తల్లికి జావ పట్టి గిన్నె కడుగుతోంది. రెబెకా మంచం పక్క స్టూలు మీద కూర్చుంది.

"వీరదుర్గా, నేను బిళ్ళలు మానలేదమ్మా."

వీరదుర్గ అర్థం కానట్టు చూసింది.

"ఒక్క పూట కూడా మానలేదు. కాలవలో పారెయ్యలేదు. డాక్టరు బిళ్ళ మార్చేడు, అందుకే తగ్గింది. కూడికలో అందరూ వినాలని అలా చెప్పేసేను. తర్వాత ఆ మాట దిద్దుకోలేక మళ్ళీ మళ్ళీ చెప్పేను. నీ విశ్వాసానికి ఏమీ తక్కువ కాలేదు. నువ్వు దొంగచాటుగా వేసుకున్న ఆ ఒక్క బిళ్ళే మంచి పని. తప్పంతా నాది."

వంటింట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. కావ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

వీరదుర్గ నెమ్మదిగా అడిగింది. "మే నెలలో ఎవరి పెళ్ళికో జాకెట్టు కొలతియ్యడానికి మా ఇంటికి వచ్చేరు. ఆ రోజు కూడా వేసుకున్నారాండీ?"

"వేసుకున్నాను."

"ఆ రోజు మిమ్మల్ని అడిగేను, తల తిరుగుతోంది ఏం చెయ్యమంటారని. ప్రార్థన చేసుకోమన్నారు."

"అన్నాను." నిజానికి ఆ సంగతి రెబెకా మర్చిపోయింది. వీరదుర్గ అన్నాక గుర్తొచ్చింది. పెళ్ళి హడావుడిలో, వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర అన్న మాట అది.

"మూడు వారాల్నించి దేవుణ్ణి ఒకటే అడుగుతున్నానండి. ఆవిడకిచ్చేవు, నాకెందుకియ్యలేదూ అని. నేను బొట్టు పెట్టుకుంటున్నాననా, దుర్గమ్మ పటం తియ్యలేదనా అని. ఎన్ని అనుకున్నానో." వీరదుర్గ మొహం గోడవైపు తిప్పుకుంది. "ఇంక వెళ్ళండి."

రెబెకా లేవలేక కూర్చుండిపోయింది.

కావ్య దగ్గరికొచ్చింది. చిన్నప్పుడు పలక మీద 'క' రాయడం రాక ఏడ్చిన పిల్ల. "అమ్మ వెళ్ళమంది గదండీ," అంది. వాకిట్లో, గొంతు పెంచకుండానే ఇంకో మాట అంది. "మీరు చెప్పేసుకున్నారు. మీకు తేలికైపోయింది. మా అమ్మ చెయ్యి మాత్రం అలాగే ఉంది."

రెబెకాకేమీ తేలిక కాలేదు. అయినా ఆ మాట కాదనడానికి తనకు హక్కు లేదనుకుంది.

ఆదివారం గుడిలో చెప్పింది. ఈసారి మాటలు తడుముకుంటూ వచ్చాయి. ఎవరూ స్తోత్రం అనలేదు. ఆమె తర్వాత మత్తయిగారు లేచి తన తప్పు చెప్పుకున్నారు. ఆరాధన పాట లేకుండానే ముగిసింది. బయట చెప్పుల దగ్గర ఇద్దరు పెద్దవాళ్ళు, ఇలాంటివి నలుగురిలో చెప్పడమేమిటి, సంఘం పరువేం కావాలి అని గొణుక్కున్నారు. రెండు కుటుంబాలు మరుసటి వారం నుంచి రాలేదు.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక సత్యనారాయణమ్మ ఒక్కతే గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. రెబెకా దాటి వెళ్ళబోతుంటే, "టీచరుగారండీ," అని పిలిచింది. "మీ మాట వినే నేను సుగరు బిళ్ళలు మానేసేనండి. మే నెల్నించి. కాలి వేలి పుండు మానట్లేదు. ఇప్పుడు వేసుకోమంటారా?"

రెబెకా ఆమెను అప్పటికప్పుడు ఆటో ఎక్కించి రాజోలు తీసుకెళ్ళింది. ఇంకో పది రోజులు పోతే వేలు తీసెయ్యాల్సి వచ్చేదన్నారు అక్కడ. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సత్యనారాయణమ్మ నిద్రపోయింది. ఇంకా ఎంతమంది ఉన్నారో, ఏ ఊళ్ళో ఉన్నారో అని రెబెకా దారి పొడుగునా రోడ్డు పక్క ఇళ్ళు చూస్తూనే ఉంది. ఇంటికి రాగానే, తన ఫోనులో నిజం చెబుతూ ఇంకో వీడియో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెట్టింది. పాతదాన్ని తీసేయమని అడిగింది. కొందరు తీశారు. కొత్తది ఎక్కువమంది చూడలేదు.

ఆ ఆదివారానికి తొమ్మిదో రోజున కావ్య బడి గేటు దగ్గరికొచ్చింది.

"అమ్మ రమ్మంటోందండి. ఎందుకో నాకు చెప్పలేదు. నాకైతే ఇష్టం లేదు."

వీరదుర్గ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. రెబెకాను కూర్చోమనలేదు.

"సాయంత్రం బిళ్ళ ఎన్నింటికేసుకుంటారు?"

"ఆరింటికమ్మా."

"రేపట్నించి ఇక్కడికొచ్చి వేసుకోండి. నేను చూడాలి."

అలా మొదలైంది. ప్రతి సాయంత్రం ఆరింటికి రెబెకా ఆ ఇంటికి వెళ్ళేది. వీరదుర్గ చూస్తుండగా తన బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్ళు తాగేది. తర్వాత వీరదుర్గకు ఆమె బిళ్ళ అందించేది. మొదటి వారమంతా అంతకు మించి మాటల్లేవు. ఆ చూపు కింద నీళ్ళు మింగడం రెబెకాకు ఐదు సభల్లో మాట్లాడ్డం కంటే కష్టంగా ఉండేది. రెండో వారం వీరదుర్గ మిషను వైపు చూపించి, "ఆ జాకెట్లు జనం అడుగుతున్నారండి. హుక్సులైనా కుట్టగలరా?" అంది. రెబెకా కుట్టింది. వీరదుర్గ ఎడం చేత్తో పట్టి చూసి, "ఇది వంకర. విప్పెయ్యండి," అంది. మూడుసార్లు విప్పించింది. నాలుగోసారికి, "పిల్లలకి ఇలాగేనా చెప్తారు పాఠాలు," అంది. ఆమె మూతి సరిగ్గా కదలదు కాబట్టి అది నవ్వో కాదో రెబెకాకు తెలియలేదు.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం, బిళ్ళలయ్యాక, వీరదుర్గ ఉన్నట్టుండి అడిగింది. "అసలు ఆ నలభై రోజులూ ఏం జరిగిందండీ? ఉన్నదున్నట్టు చెప్పండి."

రెబెకా చెప్పింది. వాళ్ళమ్మ గంజి గిన్నెతో సహా పడిపోయిన సంగతీ, అప్పుడు తనకు పంతొమ్మిదేళ్ళనీ చెప్పింది. బీపీ ఎక్కువని తెలిసిన రోజు నుంచీ గంజి వాసన తగిలితే చాలు గుండె దడదడలాడేదని చెప్పింది. తెల్లవారుజామున మోకాళ్ళూనితే ప్రార్థన రాక, అమ్మలా పోనివ్వకు అని ఒక్క ముక్కే అనేదాన్నని చెప్పింది. అమలాపురంలో ఆ డాక్టరు వాచీ చూసుకోకుండా వినడం, బయటికొచ్చాక బస్టాండులో నిలబడి, నా మాట ఎవరో విన్నారు అనుకుని ఏడవడం, ఆ రాత్రి ఎన్నో నెలల తర్వాత నిద్ర పట్టడం, అన్నీ చెప్పింది. ఇవి ఆమె ఏ కూడికలోనూ చెప్పలేదు. భర్తకు కూడా పూర్తిగా చెప్పలేదు.

వీరదుర్గ అంతా విని అంది.

"ఇది బాగానే ఉంది గదండీ. దీన్నెందుకు దాచేరు?"

రెబెకా ఇంటికి నడుస్తూ, కొబ్బరితోటల మధ్య గట్టు మీద, ప్రభువా, నువ్వు చేసింది నాకు చాలలేదు, క్షమించు అనుకుంది. ఎన్నో నెలల తర్వాత తన మీద వెగటు లేకుండా ఆమె చేసుకున్న ప్రార్థన అదే.

నవంబరులో ఒక రోజు వీరదుర్గ ఇంట్లో ఉండగా రెబెకా ఫోను మోగింది. కొత్త నంబరు. ఓడలరేవు నుంచి చిన్నమ్మలు అనే ఆవిడ. ఆ పాత వీడియో ఆవిడకిప్పుడు చేరింది. తనకూ బీపీ అనీ, రేపు ఉపవాసం మొదలుపెట్టి బిళ్ళలు మానేద్దామనుకుంటున్నాననీ, టీచరుగారు ఫోనులో ప్రార్థన చెయ్యాలనీ అంది.

"అమ్మా, అది అబద్ధమండి. నేను అబద్ధం చెప్పేను. మీరు మానకండి," అంది రెబెకా.

అవతల నొచ్చుకున్న గొంతు. "ఎవరో మిమ్మల్ని భయపెట్టి ఇలా చెప్పిస్తున్నారు కామోసండి. మీ మొహం చూస్తే అబద్ధం చెప్పినట్టు లేదు."

రెబెకా ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. వీరదుర్గ ఎడం చెయ్యి చాపింది. "ఇటియ్యండి." ఫోను చెవికి ఆనించుకుని, ఒక్కో మాటా కూడదీసుకుంటూ మాట్లాడింది.

"అమ్మా, నా పేరు వీరదుర్గండి. నా మాట ముద్దగా ఉంటాది, కాస్త ఓపిగ్గా వినండి. ఆవిడ మాట విని మానేసినదాన్ని నేనే. కుడి చెయ్యి పడిపోయింది. టైలర్నండి నేను... ఆయ్... ఇప్పుడు ఎడం చేత్తో సుద్దగీత గీస్తున్నాను... ఆయ్, దేవుణ్ణి అడుగుతానండి, రోజూ అడుగుతాను. బిళ్ళ వేసుకునే అడుగుతాను. ఆయనేం కోప్పడ్డంలేదు. మీరూ అలాగే చెయ్యండి. రేపు మళ్ళీ నాకు ఫోను చెయ్యండి, బిళ్ళ వేసుకున్నానని చెప్పండి. నంబరు రాసుకోండి."

అవతలావిడ రాసుకున్నట్టుంది. వీరదుర్గ తన నంబరు రెండుసార్లు చెప్పింది.

ఫోను తిరిగిచ్చి, అలిసిపోయి కళ్ళు మూసుకుంది. దేవుణ్ణి రోజూ అడుగుతున్నానని ఆమె ఇంతవరకూ రెబెకాకు చెప్పలేదు. తనను క్షమించానని కూడా ఎప్పుడూ అనలేదు. రెబెకా అడగలేదు.

గుమ్మంలో కావ్య నిలబడి ఉంది. కాలేజీ నుంచి ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. సంచి మేకుకు తగిలించి, లోపలికి వెళ్ళబోయి ఆగింది.

"టీచరుగారూ, ఎల్లుండి అమ్మని ఫిజియోథెరపీకి అమలాపురం తీసుకెళ్ళాలండి. ఆ రోజు నాకు పరీక్ష. మీకు సెలవు దొరుకుద్దా?"

నాలుగు నెలల్లో ఆ అమ్మాయి నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదటిసారి.

"దొరుకుద్దమ్మా," అంది రెబెకా. "ఎన్ని గంటలకి రమ్మంటావు?"

"ఏడున్నర బస్సండి. మెట్లెక్కేటప్పుడు ఎడం పక్క పట్టుకోవాలి. కుడి పక్క పడితే అమ్మకి నొప్పి."

"అలాగే. ఎడం పక్కే పట్టుకుంటాను."

కావ్య తలూపి, దీపం స్విచ్చి వేసి, వంటింట్లోకి వెళ్ళింది.